ఏ ఎలుకకు తగ్గింది?



వానలు పడి నల్లరేగడి చేలల్లో తీగలు పారినాయంటే చాలు, కర్నూలు, నంద్యాల, జమ్మలమడుగు సంతల్లోకి కాసరకాయలు దిగుతాయి. గోనెపట్టా మీద పోసుకుని అమ్మే అవ్వ ధర చెప్పకముందే "షుగరుకు శానా మంచివి నాయనా" అంటుంది. ఆ మాట ఆమెకు వాళ్ళ అత్త చెప్పి ఉంటుంది. అదే మాట చేతిలో ఫోనున్న మనవడి నోట్లోకి వచ్చేసరికి ఇంకో హంగు తగులుకుంటుంది: "ఎలుకల మీద ప్రయోగాలు చేసి నిరూపించినారంట." అవ్వ మాటను కొట్టిపారేసేవాళ్ళు కూడా ఎలుక పేరు వినగానే కొంచెం తగ్గుతారు. ఎలుక వచ్చిందంటే సైన్సు వచ్చినట్టే కదా!

ఎలుకలకు తగ్గిందన్నది అబద్ధమేమీ కాదు. కానీ ఏ ఎలుకకు తగ్గింది? దానికి ఆ జబ్బు ఎట్లా వచ్చింది? ఈ రెండు ప్రశ్నలు పట్టుకుని కాసేపు మీతో మాట్లాడాలని ఈరోజు వచ్చాను.

కాసరకాయతోనే మొదలుపెడదాం. తిరుపతిలో శ్రీ వెంకటేశ్వర విశ్వవిద్యాలయం ఉంది కదా, అక్కడి జీవరసాయన శాఖ వాళ్ళు ఈ కాయల పొడిని మధుమేహం ఉన్న ఎలుకలకు ఇచ్చి చూశారు. 1999లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. ఎలుకల రక్తంలో చక్కెర తగ్గింది. కొలెస్ట్రాలు, ట్రైగ్లిజరైడ్లు అనే కొవ్వులూ తగ్గాయి. 2001లో అదే శాఖ నుంచి మన కడప కొండల ఎర్రచందనం బెరడు మీద ఒక పరిశోధన వచ్చింది. 2011లో కొర్రల మీద వచ్చింది. చూడండి, మూడూ మన నేల సరుకే. ఢిల్లీలోనో బొంబాయిలోనో కూర్చున్నవాళ్ళకు కాసరకాయ అనే కాయ ఒకటుందనే తెలియకపోవచ్చు. మన పక్క ఊరి విశ్వవిద్యాలయం కాబట్టి దాన్ని ప్రయోగశాల దాకా తీసుకుపోయింది. ఆ మేలు మరువకూడదు.

ఇక ఆ ఎలుకలకు మధుమేహం ఎక్కడినుంచి వచ్చింది? శాస్త్రజ్ఞులే తెప్పించారు. కాసరకాయ ప్రయోగంలో వాడింది అలోక్సాన్ అనే రసాయనం. 1943లో గ్లాస్గో నగరంలో కొందరు వైద్యులు మూత్రపిండాల దెబ్బను గురించి పరిశోధిస్తూ దీన్ని కుందేళ్ళకు ఎక్కించారు. చూద్దామనుకున్నది మూత్రపిండాలను. తీరా దెబ్బతిన్నది క్లోమం. క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే బీటా కణాలుంటాయి, అవి చచ్చిపోయాయి. కొర్రల ప్రయోగంలో వాడింది స్ట్రెప్టోజోటోసిన్. మట్టిలో ఉండే ఒక సూక్ష్మజీవి తయారుచేసే పదార్థం అది. ఈ రెండింటికీ ఒకటే కిటుకు. చూడటానికి గ్లూకోజులాగా ఉంటాయి. బీటా కణం గ్లూకోజు వచ్చిందనుకుని లోపలికి రానిస్తుంది. లోపలికి పోయాక అవి కణాన్ని చంపుతాయి. ఒక సూది మందు, రెండు మూడు రోజులు, అంతే. నిన్నటిదాకా ఆరోగ్యంగా తిరిగిన ఎలుక ఈరోజు మధుమేహ రోగి.

అది లావు ఎలుక కాదు. తిండి ఎక్కువై జబ్బు తెచ్చుకున్నదీ కాదు. పైగా సూది పడ్డాక బక్కచిక్కిపోతుంది, నీళ్ళు తెగ తాగుతుంది, మూత్రం తెగ పోస్తుంది. దీనికి దగ్గరగా ఉండే మనిషిని చూడాలంటే, చిన్న వయసులోనే ఒంట్లో ఇన్సులిన్ పూర్తిగా ఆగిపోయి, రోజూ ఇంజెక్షను మీద బతికే పిల్లలను చూడాలి. దాన్ని మొదటి రకం మధుమేహం అంటారు.

మన ఊళ్ళల్లో ఇంటికొకరికి వస్తున్నది ఆ రకం కాదు. ప్రొద్దుటూరులో ఒక వ్యాపారి అనుకోండి, నలభై, నలభై ఐదు ఏళ్ళ మనిషి. చూడటానికి మరీ లావేమీ ఉండడు, పొట్ట మాత్రం ముందుకొచ్చి ఉంటుంది. ఏదో వేరే పనికి రక్తపరీక్ష చేయిస్తే షుగరు బయటపడుతుంది. అతని ఒంట్లో ఇన్సులిన్ లేక కాదు. మొదటి ఏళ్ళల్లో మామూలుకంటే ఎక్కువే ఉంటుంది. ఉన్నా కండరాలు, కాలేయం దాని మాట వినడం మానేసి ఉంటాయి. క్లోమం ఇంకా ఎక్కువ ఇన్సులిన్ తయారుచేస్తుంది, అవి ఇంకా వినవు. ఏళ్ళ తరబడి ఈ పెనుగులాట సాగి, క్లోమం అలిసిపోయిన రోజున రక్తంలో చక్కెర పైకి వస్తుంది. ఇది రెండో రకం. భారత వైద్య పరిశోధన మండలి తోడ్పాటుతో జరిగి 2023లో అచ్చయిన పెద్ద సర్వే లెక్క ప్రకారం దేశంలో మధుమేహం ఉన్నవాళ్ళు 10 కోట్ల 10 లక్షలు. ఆ అంచుకు వచ్చి నిలబడినవాళ్ళు 13 కోట్ల 60 లక్షలు. పొట్ట చుట్టూ కొవ్వు పేరుకున్నవాళ్ళు 35 కోట్లు దాటారు.

కాబట్టి కాసరకాయ తిన్న ఆ తిరుపతి ఎలుక, పొట్ట వచ్చిన మన ప్రొద్దుటూరు వ్యాపారి, ఇద్దరి రక్తంలోనూ చక్కెర ఎక్కువే. అంతటితో పోలిక అయిపోయింది.

అట్లాగని ఆ ప్రయోగాలు పనికిరానివని నేననను. అది మొదటి వడపోత. వంద చెట్ల పేర్లు పెద్దలు చెప్పి ఉంటారు, వాటిలో ఏ నాలుగింటి మీద ముందుకుపోవాలో తేల్చుకోవడానికి తక్కువ ఖర్చుతో, చిన్న విశ్వవిద్యాలయం కూడా చేయగల పరీక్ష అది. ఆ పరీక్ష చేసినవాళ్ళు కూడా తమ పత్రంలో ఎలుకలకు తగ్గిందనే రాస్తారు. పత్రికలోకి, అక్కడినుంచి ఫోనులోకి వచ్చేసరికి ఎలుక జారిపోయి "తగ్గింది" ఒక్కటే మిగులుతుంది.

మరి సూదిమందు అవసరం లేకుండా తనంతట తానే లావెక్కి, తనంతట తానే ఈ చిక్కుల్లో పడే ఎలుక ఉంటుందా? ఉంది. మన తెలుగు గడ్డ మీదే పుట్టింది.

హైదరాబాదులో తార్నాక దగ్గర జామై ఉస్మానియాలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. ఆ సంస్థ కథ 1918లో నీలగిరి కొండల్లోని కూనూరులో మొదలైంది. రాబర్ట్ మెక్‌కారిసన్ అనే సైనిక వైద్యుడు అక్కడి పాశ్చర్ సంస్థలో చిన్న చోటు తీసుకుని బెరిబెరి జబ్బు మీద విచారణ మొదలుపెట్టాడు. అది పెరిగి పెద్దదై 1958లో హైదరాబాదుకు మారింది, 1969లో ఇప్పటి పేరు వచ్చింది. సంస్థతోపాటు ఒక ఎలుకల సంతతి కూడా వచ్చింది. 1920 నుంచి బయటి ఎలుకను కలపకుండా, తమలో తామే సంతానం కనేట్టు పెంచుతూ వచ్చిన విస్టార్ జాతి తెల్ల ఎలుకలు అవి.

మెక్‌కారిసన్ ఆ కూనూరులో చేసిన ప్రయోగం ఒకటి చెప్పి తీరాలి. దేశంలో ఒక్కో ప్రాంతం వాళ్ళు తినే తిండిని ఒక్కో ఎలుకల గుంపుకు పెట్టాడు. సిక్కుల తిండి, పఠాన్ల తిండి, మరాఠీల తిండి, కన్నడిగుల తిండి, బెంగాలీల తిండి, మద్రాసీల తిండి. గోధుమ రొట్టె, పాలు, పప్పు, కూరగాయలతో సిక్కుల తిండి తిన్న ఎలుకలు అన్నిటికన్నా బాగా బరువు పెరిగాయి. బాగా మిల్లుపట్టిన బియ్యం మీద నడిచిన మద్రాసు తిండి ఎలుకలు అన్నిటికన్నా అడుగున నిలిచాయి. అప్పట్లో కర్నూలు, కడప కూడా మద్రాసు ప్రెసిడెన్సీలోవే. కానీ ఆ పట్టికలో మద్రాసీ అంటే వరి అన్నం తినేవాడు. మన జొన్నరొట్టె, కొర్రన్నం, రాగి సంగటి తిన్న ఎలుక ఎంత బరువు తూగేదో ఆ పట్టిక చెప్పదు. ఇది నాకెప్పుడూ ఒక చిన్న కొరతే.

ఆనాడు ఎలుక బరువు పెరిగితే ఆరోగ్యమని లెక్క. దేశానికి పట్టిన జబ్బు ఆకలి కదా మరి. డెబ్బై ఏళ్ళు తిరిగేసరికి అదే సంతతిలో, అదే సంస్థలో, బరువే జబ్బుగా ఒక ఎలుక పుట్టుకొచ్చింది.

ఎవరూ ఏమీ చేయలేదు. పంజరాల్లో పిల్లలను తూచి చూస్తుంటే కొన్ని మిగతావాటికన్నా లావుగా కనబడ్డాయి. వాటిని విడిగా పెట్టి పెంచారు. ఎన్.వి. గిరిధరన్, ఎన్. హరిశంకర్, ఎం. సత్యవాణి కలిసి 1996లో ఈ కొత్త ఎలుకను ప్రపంచానికి పరిచయం చేశారు. దాని జన్యువుల్లో సహజంగానే ఒక మార్పు జరిగింది. పుట్టిన నెల దాటిందంటే తేడా కంటికి ఆనుతుంది. మామూలు మగ ఎలుక నాలుగు వందల గ్రాముల దగ్గర ఆగిపోతే, ఇది కిలో దాటి పోతుంది. ఆపకుండా తింటుంది. తోబుట్టువులకంటే ముందే చచ్చిపోతుంది. పిల్లలు పుట్టవు. కాబట్టి ఈ లావు ఎలుకల సంతతిని నిలబెట్టాలంటే, చూడటానికి కొంచెం బొద్దుగా ఉండి ఆ జన్యువును ఒక పాలు మోస్తున్న ఎలుకలనే జతకట్టించాలి. వాటికి పుట్టే పిల్లల్లో నాలుగోవంతు సన్నంగా, సగం బొద్దుగా, నాలుగోవంతు ఊబకాయంతో పుడతాయి. ఆ జన్యువు 5వ క్రోమోజోములో, లెప్టిన్ గ్రాహకం అనేదాని చుట్టుపక్కల ఉందని తర్వాత తేల్చారు. లెప్టిన్ సంగతి ఇప్పుడే చెబుతాను.

ఆ ఎలుక రక్తం చూస్తే మన ప్రొద్దుటూరు వ్యాపారి గుర్తుకొస్తాడు. కొవ్వులు ఎక్కువ. ఇన్సులిన్ విపరీతంగా ఎక్కువ. చక్కెర మాత్రం మామూలే! అంటే ఇందాక చెప్పిన పెనుగులాట లోపల జరుగుతోంది, బయటికి ఇంకా తెలియలేదు. మన ల్యాబులో ఉదయాన్నే ఖాళీ కడుపున చక్కెర మాత్రమే చూసి "నార్మల్" అని కాగితం చేతికిస్తే ఎంతమంది ఈ ఎలుకలాగా ఇంటికి పోతున్నారో! ఈ లావు ఎలుకల్లోనే గ్లూకోజు తాగిస్తే తట్టుకోలేని మరో శాఖను కూడా హైదరాబాదు వాళ్ళు విడిగా పెంచారు. వయసు పైబడేకొద్దీ ఈ ఎలుకలకు కళ్ళల్లో శుక్లాలు, కంటి వెనక పొర దెబ్బతినడం, ఒంట్లో కణుతులు కనబడతాయి. షుగరు వచ్చినాక కళ్ళ డాక్టరు చుట్టూ తిరిగే మన పెద్దవాళ్ళకు ఈ వరస తెలుసు.

ఇక లెప్టిన్. దీనికీ ఒక లావు చిట్టెలుకే మూలం. 1949లో అమెరికాలో మెయిన్ రాష్ట్రంలోని బార్ హార్బర్ అనే ఊళ్ళో, జాక్సన్ ప్రయోగశాలలో, ఇట్లాగే తనంతట తాను ఒక లావు చిట్టెలుక పుట్టింది. తర్వాత కొన్నేళ్ళకు అక్కడే ఇంకో రకం లావు చిట్టెలుక కూడా దొరికింది. డగ్లస్ కోల్‌మన్ అనే శాస్త్రజ్ఞుడు రెండు ఎలుకల చర్మాలను కలిపి కుట్టి ఒకదాని రక్తం ఇంకొకదానిలోకి పోయేట్టు చేశాడు. వినడానికి కష్టంగా ఉంటుంది, నిజమే. రెండో రకం లావు ఎలుకను మామూలు ఎలుకతో కలిపితే, మామూలు ఎలుక తిండి మానేసి ఆకలితో చచ్చిపోయింది. మొదటి రకాన్ని మామూలుదానితో కలిపితే లావు ఎలుక తిండి తగ్గించింది. దీన్నిబట్టి ఆయన ఊహించింది ఇది. రక్తంలో ఏదో ఒక కబురు తిరుగుతోంది. గాదె నిండింది, ఇక చాలు అని కొవ్వు మెదడుకు పంపే కబురు. మొదటి ఎలుకలో ఆ కబురు పంపేవాడే లేడు. రెండో ఎలుకలో కబురు వస్తోంది గానీ వినే చెవి లేదు. ఆ కబురు మోసే పదార్థాన్ని 1994లో న్యూయార్కులో జెఫ్రీ ఫ్రీడ్‌మన్ పట్టుకున్నాడు. అదే లెప్టిన్. కొవ్వు అంటే ఊరికే పేరుకుపోయే పదార్థం కాదు, అది కూడా గ్రంథిలాగా హార్మోన్లు పంపిస్తుందని వైద్యలోకానికి గట్టిగా తెలిసింది అప్పుడే. ఈ జ్ఞానం మనుషుల మీద ప్రయోగాలతో ఎన్నటికీ వచ్చేది కాదు.

వెంటనే అందరూ ఏమనుకుని ఉంటారో మీరే ఊహించవచ్చు. లెప్టిన్ ఎక్కిస్తే లావు కరిగిపోతుందని! 1997లో ఇంగ్లండులో పాకిస్తానీ మూలాలున్న ఇద్దరు పిల్లల్లో ఒంట్లో లెప్టిన్ బొత్తిగా లేదని కనుగొన్నారు. ఎనిమిదేళ్ళ ఆడపిల్ల 86 కిలోలు, రెండేళ్ళ మగపిల్లవాడు 29 కిలోలు. అట్లాంటి పిల్లలకు లెప్టిన్ ఇవ్వడం మొదలుపెట్టాక ఆకలి తగ్గింది, బరువు దిగింది. వాళ్ళ పాలిట ఆ బార్ హార్బర్ ఎలుక దేవుడే. కానీ మామూలుగా లావెక్కిన లక్షల మందిలో లెప్టిన్ తక్కువేమీ లేదు. అది దండిగా ఉంది, మన హైదరాబాదు ఎలుకలో ఉన్నట్టే. వాళ్ళకు ఇంకా కొంచెం ఎక్కిస్తే పెద్దగా ఫలితం రాలేదు. ఎలుక లావుకు ఒక్క జన్యువు కారణం. మనిషి లావు వెనక వందలాది జన్యువులు తలా కొంచెం చెయ్యి వేస్తాయి, మిగతాది అతని పళ్ళెం, పని, నిద్ర, జేబు చూసుకుంటాయి.

మన సీమ కథకు ఇంకొంచెం దగ్గరగా ఉండే ఎలుక ఇంకొకటి ఉంది. ఈజిప్టు లాంటి ఎడారి దేశాల్లో ఇసుక ఎలుక అని ఒకటి తిరుగుతుంది. ఉప్పునేలల్లో మొలిచే రసం నిండిన ఆకులు తింటుంది. ఆ తిండిలో బలం తక్కువ, కాబట్టి కడుపు నిండాలంటే చాలా తినాలి, చాలా తిరగాలి. ఎడారిలో అది సన్నగా, చురుగ్గా ఉంటుంది, జబ్బు లేదు. దాన్ని పట్టుకొచ్చి ప్రయోగశాలలో మామూలు ఎలుకలకు పెట్టే దాణానే పెట్టారు. విషం కాదు, నెయ్యి కాదు, చక్కెర కాదు, మిగతా ఎలుకలు తిని శుభ్రంగా ఉండే దాణానే. దానికి మధుమేహం వచ్చింది. 1964లో నూట్ ష్మిట్ నీల్సన్, ఆయన సహచరులు దీన్ని ప్రకటించారు.

నాకు ఈ ఇసుక ఎలుక అంటే ప్రత్యేకమైన ఇష్టం. దాని ఒంట్లో లోపమేమీ లేదు. దాని తిండికీ దాని ఒంటికీ వేల ఏళ్ళ ఒప్పందం ఉంది, పంజరంలో ఆ ఒప్పందం చెడిపోయింది. ఇక్కడ మన కథ గుర్తురాక మానదు. మా చిన్నప్పటి ఇళ్ళల్లో వరి అన్నం పండగకో, చుట్టం వస్తేనో. మిగతా రోజుల్లో జొన్న, సద్ద, కొర్ర, ఆరిక, రాగి. పక్కన ఊరిబిండి, గోగాకు, అలసందలు. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చింది. చేలల్లో వేరుశనగ, తర్వాత పత్తి, నల్లరేగడిలో శనగ వచ్చి చేరాయి, కొర్ర, ఆరిక వెనక్కి తగ్గాయి. ట్రాక్టరు వచ్చింది, మోటారుసైకిలు వచ్చింది. రెండు రూపాయల బియ్యాన్ని తప్పుపట్టే నోరు నాకు లేదు. కరువు ఏడాదిలో పొయ్యి వెలగని ఇళ్ళను చూసినవాళ్ళెవరికీ ఉండదు. అయితే మూడు పూటలా తెల్లన్నం, ఒంటికి పని లేని రోజు రెండూ కలిసి మన ఒళ్ళకు కొత్త దాణా అయ్యాయేమో అని ఆ ఎలుకను చూస్తే అనిపిస్తుంది. అనిపించడమే. ఇసుక ఎలుక మనిషి కాదు, సీమ ఎడారి కాదు.

ఇంకో ప్రశ్న ఉంది. అదే అన్నం తిన్న తెల్లవాడికంటే మనవాడికి తక్కువ బరువులోనే షుగరు ఎందుకొస్తుంది? పుణె వైద్యుడు చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్ వైద్యుడు జాన్ యుడ్కిన్ పక్కపక్కన నిలబడి తీయించుకున్న ఒక ఫోటో 2004లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. ఎత్తుకు తగ్గ బరువు లెక్కలో ఇద్దరికీ ఒకటే అంకె, 22.3. ఒంట్లో కొవ్వు చూస్తే యుడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం. పైకి సన్నం, లోపల కొవ్వు. యాజ్ఞిక్ దీని మూలాన్ని తల్లి కడుపులోనే వెతికాడు.

కడుపుతో ఉన్న మన తల్లులకు తిండిలో ఏదీ తక్కువ చేసి చూడలేం, చూడకూడదు. ఎలుకలే దిక్కు. హైదరాబాదు పోషకాహార సంస్థలో ఎం. రఘునాథ్ బృందం ఆ విస్టార్ సంతతి ఆడ ఎలుకల తిండిలో విటమిన్లను సగానికి తగ్గించి చూసింది. వాటికి పుట్టిన పిల్లల ఒంట్లో కొవ్వు శాతం పెరిగింది. కానీ ఆరు నెలల వయసు దాకా ఇన్సులిన్ మాట వినకపోవడమనేది కనబడలేదు. 2004లో వాళ్ళు రెండు సంగతులూ దాచకుండా రాశారు. ఈ రెండో సంగతి పత్రికల్లో రాదు, వార్త కాదు గనుక.

2015లో యాజ్ఞిక్ కూడా పాలుపంచుకున్న ఇంకో పరిశోధన వచ్చింది. వరసగా యాభై తరాలు అరకొర తిండి మీద పెంచిన ఎలుకలు. పుట్టుకలోనే బరువు తక్కువ, ఒంట్లో ఇన్సులిన్ ఎక్కువ, పొట్టలో కొవ్వు ఎక్కువ, బి12, ఫోలేట్ తక్కువ. మొదట చెప్పిన స్ట్రెప్టోజోటోసిన్ సూది గుర్తుందా? దాన్ని ఈ ఎలుకలకు ఇస్తే మామూలువాటికంటే చాలా తేలికగా జబ్బున పడ్డాయి. తర్వాత రెండు తరాలు కడుపునిండా పెట్టారు. అయినా పూర్తిగా తేరుకోలేదు.

ఈ సంగతి చదివినప్పుడు ధాత కరువు తలపుకు వచ్చింది. 1876 నుంచి 1878 దాకా దత్తమండలాలను తొక్కేసిన కరువు. సహాయపు పనుల్లో మనిషికి రోజుకు ఒక పౌను ధాన్యం, అంటే అర కిలోకన్నా తక్కువ, సరిపోతుందని రిచర్డ్ టెంపుల్ అనే దొర తేల్చాడు. మద్రాసు ఆరోగ్య కమిషనరు కార్నిష్ అది చాలదని పోట్లాడాడు. 1871 జనాభా లెక్కకూ 1881 లెక్కకూ మధ్య కర్నూలు జిల్లా జనం దాదాపు నాలుగోవంతు తగ్గారు. మిగిలినవాళ్ళ మనవళ్ళ మనవళ్ళమే ఈరోజు రేడియో వింటున్నాం. మన పొట్టల్లో ఆ కరువు గుర్తు ఉందా? చెప్పలేం. యాభై ఎలుక తరాలు ఒకే రకం ఆకలిలో, ఒకే పంజరంలో గడిచాయి. యాభై మనిషి తరాలంటే వెయ్యేళ్ళు దాటిపోతుంది. ధాత కరువు నుంచి మనకు ఆరేడు తరాలే. పైగా మధ్యలో పండిన ఏళ్ళు కూడా ఉన్నాయి. "కరువు వల్లే సీమకు షుగరు" అని ఎవరైనా రాస్తే నేను నమ్మను. ఆ ప్రశ్న అడగవచ్చని ఎలుక చెప్పింది, అంతవరకు నమ్ముతాను.

ఎలుకకూ మనకూ మధ్య ఉన్న తేడాలు ఒకటీ రెండూ కాదు. అది రాత్రి తిరిగి పగలు నిద్రపోతుంది. దానికి పిత్తాశయమే లేదు. ఇంకో తమాషా, చిట్టెలుక ఒంటికి హాయిగా ఉండే వేడి 30 డిగ్రీల దగ్గర. ప్రయోగశాలల్లో మనుషుల సుఖం కోసం 22 డిగ్రీల దగ్గర పెడతారు. పాపం అది చలికి వణుకుతూ, ఒళ్ళు వెచ్చబెట్టుకోవడానికే తిన్నదాంట్లో చాలా భాగం ఖర్చు చేస్తుంది. ఆ చలిలో లావు తగ్గించిన మందు, మే నెలలో నంద్యాల ఎండలో కూర్చున్న మనిషికి అంతే పని చేస్తుందనుకోవడం ఎట్లా?

మోతాదు సంగతి కూడా చెప్పాలి. తిరుపతి కొర్రల ప్రయోగంలో ఎలుకకు ఇచ్చింది కొర్రన్నం కాదు, కొర్ర గింజల నుంచి నీళ్ళతో తీసిన సారం. కిలో బరువుకు 300 మిల్లీగ్రాముల చొప్పున ఇస్తే ఆరు గంటల్లో చక్కెర బాగా పడిపోయింది. అరవై కిలోల మనిషికి అదే లెక్కన పోతే 18 గ్రాముల సారం కావాలి. కానీ అట్లా నేరుగా గుణించకూడదు. చిన్న జంతువు ఒళ్ళు వేగంగా పనిచేస్తుంది గనుక, ఎలుక మోతాదును ఆరుకు కొంచెం పైన భాగించి మనిషి మోతాదు కట్టడం మందుల శాస్త్రంలో వాడుక. అప్పుడు మూడు గ్రాములు వస్తుంది. పద్దెనిమిదికీ మూడుకూ మధ్య ఎంత తేడా! ఇక కషాయం కాచుకుని గ్లాసులతో తాగేవాళ్ళు ఎంత తాగుతున్నారో వాళ్ళకే తెలియదు. షుగరు మాత్ర వేసుకుంటూ పైన ఇదీ తాగితే, మధ్యాహ్నం చేలో కళ్ళు తిరిగి పడిపోయే ప్రమాదం ఉంది. మాత్ర మానేసి ఇదొక్కటే తాగితే ప్రమాదం ఇంకా నెమ్మదిగా, ఇంకా పెద్దగా వస్తుంది.

ఆ ఎలుకల బాధ సంగతేమిటని ఎవరైనా అడిగితే ఆ అడిగినవాళ్ళ మీద నాకు గౌరవమే. మన దేశంలో 1960 నాటి జంతుహింస నివారణ చట్టం కింద ఒక కమిటీ ఉంది. దాని నియమాల ప్రకారం అనుమతి లేకుండా పంజరం తెరవకూడదు. వేరే దారి ఉంటే జంతువును వాడొద్దు, వాడక తప్పకపోతే తక్కువ వాడు, వాడినంతలో నొప్పి తగ్గించు అని 1959లో ఇద్దరు ఇంగ్లీషు శాస్త్రజ్ఞులు చెప్పిన పద్ధతినే ప్రపంచమంతా ఒప్పుకుంటోంది. నన్నడిగితే, ఇప్పటికే పది చోట్ల ఎలుకల మీద పనిచేసిందని తేలిన ఆకును పదకొండోసారి ఇంకో వంద ఎలుకలకు సూది పొడిచి చూడటం ఆ పద్ధతికి తగినది కాదు. డిగ్రీ వస్తుందేమో గానీ తెలివి పెరగదు.

కొర్రల్లాంటి చిరుధాన్యాల విషయంలో మనుషుల మీద సాక్ష్యం కొంత ఉంది, అది చెప్పకపోతే అన్యాయం. పటాన్‌చెరులోని ఇక్రిశాట్, మన పోషకాహార సంస్థ, ఇంకా కొందరు కలిసి 11 దేశాల్లో జరిగిన 80 అధ్యయనాలను ఏరి 2021లో ఒకచోట పెట్టారు. చిరుధాన్యాలు తిన్న మధుమేహ రోగుల్లో పరగడుపు చక్కెర సగటున 12 శాతం, తిన్న తర్వాతి చక్కెర 15 శాతం తగ్గినట్టు లెక్క తేలింది. బాగుంది. అయితే ఆ అధ్యయనాలు చాలావరకు చిన్నవి. గింజ ఒకటి కాదు, వండే తీరు ఒకటి కాదు. మన ప్రొద్దుటూరులో పుట్టి మైసూరులో స్థిరపడిన ఖాదర్ వలి గారు 2023లో పద్మశ్రీ అందుకున్నాక సీమలో మళ్ళీ కొర్ర పేరు గట్టిగా వినబడుతోంది. పొట్టు పూర్తిగా తీసి తెల్లగా పాలిషు పట్టిన కొర్ర కూడా సంచుల్లో వస్తోంది. దాన్ని తిని కొర్ర తిన్నామనుకుంటే ఎట్లా అని నాకు అనుమానం.

ఇంతకీ నాకు చూడాలని ఉన్న పరీక్ష ఒకటుంది. దానికి కావలసినవన్నీ మన చుట్టూనే ఉన్నాయి. నంద్యాల ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానంలో సూర్యనంది లాంటి కొర్ర వంగడాలున్నాయి, కాబట్టి అందరికీ ఒకే గింజ పెట్టవచ్చు. కర్నూలు పెద్దాసుపత్రికి, కడప రిమ్స్‌కు రోజూ వచ్చే షుగరు రోగులున్నారు. వాళ్ళల్లో ఒప్పుకున్నవాళ్ళను చీట్లు తీసి రెండు గుంపులు చేయాలి. ఒక గుంపుకు రాత్రిపూట బియ్యం బదులు అదే తూకం దంపుడు కొర్ర, ఇంకో గుంపుకు ఎప్పటి బియ్యమే. మాత్రలు ఎవరివి వాళ్ళకు మామూలుగానే నడవాలి. మూడు నెలలు, ఎందుకంటే మూడు నెలల సగటు చక్కెర చూపే రక్తపరీక్ష ఉంది. దాంతోపాటు నడుము చుట్టుకొలత, పరగడుపు ఇన్సులిన్ కూడా చూడాలి, చక్కెర ఒక్కటే చూస్తే హైదరాబాదు ఎలుక లోపలి సంగతి తప్పిపోయినట్టే ఇక్కడా తప్పిపోతుంది. నడుము కొలిచేవాళ్ళకు, రక్తం పరీక్షించేవాళ్ళకు ఎవరు ఏ కూడు తింటున్నారో తెలియనివ్వకూడదు. మధ్యలో మానేసినవాళ్ళు ఎందుకు మానేశారో కూడా రాసి పెట్టాలి. రుచి నచ్చలేదనా, ధర ఎక్కువనా, ఇంట్లో రెండు రకాలు వండే ఓపిక లేదనా? ఈ చివరి ప్రశ్న మాత్రం ఏ ఎలుకనూ అడగలేం.